సాయంత్రం లెక్కలో ఒక ఆవు తగ్గితే

మీరు అడిగింది ఇదీ: "మేం నలుగురం ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం విద్యార్థులం. కెన్యాలో పశువులు కాసే మసాయి తెగవాళ్ళ ఆవుల మీద సింహాలు పడుతున్నాయని, ఆ కోపంతో వాళ్ళు సింహాల్ని చంపేస్తున్నారని చదివాం. సింహం దొడ్డి దగ్గరికి రాగానే సైరన్ మోగించే సెన్సార్ చేద్దామనుకుంటున్నాం. పనికొస్తుందా? అసలు ప్రభుత్వమే గట్టి కంచె వేసి, చచ్చిన ఆవుకు డబ్బు కట్టిస్తే సరిపోదా?"

నేను పశువుల డాక్టర్ని. మాది అనంతపురం జిల్లా, గొర్రెలున్న ఇల్లు. కెన్యాలో కాజియాడో కౌంటీలో, కిలిమంజారోకు ఉత్తరం వైపు మసాయి ఊళ్ళలో తొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చాను. అక్కడ నా పనిలో సగం టీకాలు, మందులు. మిగతా సగం, చచ్చిన పశువు పక్కన కూర్చుని దాన్ని ఏ జంతువు చంపిందో తేల్చడం. ఆ రెండో పనిలో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. సైరన్ వల్ల ఎంతో కొంత మేలుంటుంది. కానీ మీరు కాపలా పెట్టాలనుకుంటున్నది దొడ్డి దగ్గర, అదీ రాత్రిపూట. నేను వెళ్ళి చూసిన వాటిలో చాలా ఆవులు దొడ్డికి కిలోమీటరో, మూడు కిలోమీటర్లో అవతల పొదల్లో చచ్చి పడున్నాయి. అంటే ఆ రాత్రి అవి ఇంటికే రాలేదు.

ఇది అర్థం కావాలంటే అక్కడి సాయంత్రం ఎలా ఉంటుందో తెలియాలి. ఆ ఊళ్ళ నడుమ ఉన్న అంబోసెలి నేషనల్ పార్కు 392 చదరపు కిలోమీటర్లు. చుట్టూ కంచె లేదు. జీబ్రాలకైనా, ఏనుగులకైనా, సింహాలకైనా ఆ కాస్త జాగా చాలదు. ఏడాదిలో చాలా కాలం అవి పార్కు దాటి ఎంబిరికాని, ఒల్గులులుయి, కుకు, ఎసెలెంకెయ్ లాంటి మసాయి ఉమ్మడి భూముల్లోనే తిరుగుతాయి. ఆవులు మేసేదీ అక్కడే. మసాయిలు ఆనవాయితీగా వేటమాంసం ముట్టరు. అందుకే ఆ నేల మీద ఇన్ని అడవి జంతువులు మిగిలాయి, అందుకే సింహాలూ మిగిలాయి. ఈ మాట ఎందుకంటున్నానంటే, "సింహాల్ని చంపే తెగ" అని ఒక్క ముక్కలో తేల్చేసే రాతలు చూసి నాకు ఒళ్ళు మండుతుంది.

సూర్యుడు కుంగే వేళకు మంద ఇంటి ముఖం పడుతుంది. ఇంటి పెద్ద దొడ్డి వాకిట్లో కర్ర ఆనించుకుని నిలబడతాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడు. రంగు, కొమ్ము వంపు, డొక్క మీద మచ్చ చూస్తూ "ఆ తెల్లచుక్క పెయ్య ఏది?" అంటాడు. మా తాత కూడా అంతే, నూట ఇరవై గొర్రెల్లో రానిదాన్ని పేరుపెట్టి అడిగేవాడు. ఇక ఆ పెయ్య ఎక్కడ తప్పిందంటే, మందతో పోయినవాడు పదేళ్ళ పిల్లాడు. ఒకప్పుడు ఈటె పట్టిన కుర్రవాళ్ళు, అక్కడ మొరాన్లంటారు, పెద్ద మందల వెంట పోయేవాళ్ళు. ఇప్పుడు కొందరు బడిలో ఉన్నారు, కొందరు నైరోబీలో అపార్టుమెంట్లకు వాచ్‌మన్లుగా ఉన్నారు. బడికి పోవడం మంచిదే, కాదనను. కానీ మంద వెనక మిగిలింది చిన్నపిల్లలూ, జీతానికి కుదిరిన కొత్తవాళ్ళూ. పిల్లాడికి దాహమేసి చెట్టుకింద కాసేపు కూర్చుంటే చాలు, నాలుగు ఆవులు పొద చాటున విడిపోతాయి.

చీకటి పడ్డాక ఒంటరి ఆవు సింహానికి సునాయాసంగా చిక్కుతుంది. జీబ్రాలా తన్నదు, పరిగెత్తదు. తెల్లారి రాబందులు తిరగడం చూసి ఎవరో కనిపెడతారు. కబురు ఊరంతా పాకుతుంది. మధ్యాహ్నానికి ఇరవై మంది కుర్రాళ్ళు ఈటెలు పట్టుకుని చేరతారు. ఇక్కడ ఆవు ఖరీదు ఒక్కటే లెక్కలోకి రాదు. ఒకప్పుడు సింహం వేటను ఒలమాయో అనేవారు. మొదట ఈటె దింపినవాడికి జూలు దక్కేది, పాటల్లో పేరు నిలిచేది, అతనికి సింహం పేరొకటి పెట్టేవాళ్ళు. 1977లో కెన్యా వేటను నిషేధించింది. కానీ పెళ్ళీడు కుర్రాడికి ఊరి ఆడపిల్లల ముందు ఉండే పౌరుషాన్ని ఏ చట్టం నిషేధిస్తుంది? ఆవు చచ్చిందన్న కోపం, పేరు తెచ్చుకునే అవకాశం ఒకేరోజు కలిసొస్తాయి.

చచ్చిన ఆవును చూసే పని గురించి కొంచెం చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన భాగం. సింహం పెద్ద పశువును గొంతు పట్టి ఊపిరాడకుండా చంపుతుంది, మూతి మొత్తాన్నీ నోట్లో బిగించి పట్టడం కూడా ఉంది. భుజాల మీద, వీపు మీద గోళ్ళ చారలుంటాయి. చాలాసార్లు పేడసంచిని బయటికి లాగి పక్కన పడేస్తుంది, ఒక్కోసారి దాని మీదికి మట్టి గీరుతుంది. దుమ్ములగొండి పద్ధతి వేరు. అది బతికుండగానే డొక్కలోంచో, పొదుగు దగ్గర్నుంచో తినడం మొదలెడుతుంది, ఎముకలు కూడా పటపటా నమిలేస్తుంది. మేక మాయమై, చెట్టుకొమ్మ మీద కాలు వేలాడుతుంటే చిరుత. పట్టపగలు మేకపిల్లో గొర్రెపిల్లో పోతే చీతానో నక్కో. లెక్కకు చూస్తే మేకలూ గొర్రెలూ ఎక్కువగా పోయేది దుమ్ములగొండ్ల వల్లే. కానీ నిందంతా సింహం మీద పడుతుంది, ఎందుకంటే దుమ్ములగొండిని చంపితే ఎవడూ పాట కట్టడు. ఒకసారి ఒక పెద్దాయన నన్ను చేయిపట్టి తీసుకెళ్ళి "సింహం" అన్నాడు. తొడ ఎముకే లేదు, విరిచేసి ఉంది. "తాతా, ఇది దుమ్ములగొండి" అన్నాను. ఆయన కాసేపు చూసి "నాకూ తెలుసు, కానీ మా కుర్రాళ్ళు వింటారా?" అన్నాడు.

ఇక మీ రెండో ప్రశ్న, డబ్బు. ఎంబిరికానిలో 2003 నుంచి ఒక పరిహార నిధి నడుస్తోంది, ఇప్పుడు బిగ్ లైఫ్ ఫౌండేషన్ చేతుల్లో ఉంది. అందులో నాకు నచ్చిన కిటుకు రెండు నిబంధనల్లో ఉంది. దొడ్డి సరిగా లేకపోయినా, పశువును బయట వదిలేసినా డబ్బు తగ్గుతుంది. ఎవరైనా సింహాన్ని చంపితే ఆ ప్రాంతంలో మిగతావాళ్ళకు రావలసింది కూడా ఆగిపోతుంది. దాంతో కుర్రాడు ఈటె తీసిన క్షణాన అడ్డుపడేది పోలీసు కాదు, అతని పెదనాన్నే. "నీ పౌరుషానికి నా డబ్బు ఆగాలా?" అంటాడు. ఆ తిట్టు ముందు అటవీశాఖ కేసు ఏపాటి!

ప్రభుత్వ పరిహారం వేరే కథ. 2013లో కెన్యా కొత్త వన్యప్రాణి చట్టం తెచ్చింది. మనిషి చనిపోతే 50 లక్షల షిల్లింగులు అని రాసుకుంది, పశువులకూ పరిహారం పెట్టింది. కాగితం మీద బాగుంది. చేతికి రావడానికే ఏళ్ళు పడుతుంది. నాకు తెలిసిన ఒక కుటుంబం దరఖాస్తు పెట్టినప్పుడు కడుపులో ఉన్న బిడ్డ బడికి పోతున్నాడు, ఇంకా కబురు లేదు. ఆలస్యంగా వచ్చే డబ్బు కోపాన్ని చల్లార్చదు. పైగా ఈ మధ్య మందల్లో సాహివాల్ కలిసింది. మన పంజాబు వైపు జాతే, కెన్యా మసాయిలకు అదంటే మోజు. పాలెక్కువ, బరువెక్కువ, ధరా ఎక్కువ. దాన్ని నాటు ఆవు రేటుకు లెక్కకట్టి ఇస్తామంటే ఎవరికి మండదు? ఇంకో సంగతి ఎవరూ రాయరు: గాడిద. నీళ్ళు మోసేది గాడిద, నీళ్ళు తేవడం ఆడవాళ్ళ పని. సింహాలు గాడిదను ఇష్టంగా తింటాయి. గాడిద పోయిన మర్నాటి నుంచి ఇరవై లీటర్ల క్యాన్ ఆమె వీపు మీదికి ఎక్కుతుంది. ఆమె ఈటె పట్టదు కాబట్టి ఆమె నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

కంచె విషయానికొస్తాను. పాత దొడ్డి అంటే గుండ్రంగా పేర్చిన తుమ్మకంప. సింహం దాన్ని దూకివస్తుందని మనం ఊహించుకుంటాం. చాలాసార్లు అంత కష్టపడదు. గాలివాటున నిలబడితే చాలు, వాసనకు బెదిరి మందే కంపను తొక్కేసి బయటికి ఉరుకుతుంది. కాబట్టి కంచె పని సింహాన్ని ఆపడం సగమే, ఆవుల్ని లోపల ఉంచడం మిగతా సగం. ఇనుప జాలీ కంచెలు అందుకే పనిచేస్తాయి. వాకిలికి మాత్రం పాత నూనె డ్రమ్ములు చదును చేసి తలుపులుగా బిగిస్తారు. ఆ తలుపు లేకపోతే కంచె మొత్తం దండగ. మా దగ్గర ఒక సంస్థ వాళ్ళు వచ్చి దొడ్డి చుట్టూ జాలీ వేశారు, ఫొటోలు తీసుకున్నారు, తలుపులు తర్వాతి విడతలో అన్నారు. ఆ విడత రానేలేదు. వాకిట్లో అదే పాత కంప. రెండు నెలలకు సింహం వాకిట్లోంచే వచ్చింది, గట్టి కంచె వల్ల ఆవులు పారిపోవడానికి దారి లేదు. తొమ్మిది పోయాయి. నేను లెక్కరాసిన అతి చెడ్డ రాత్రి అదే.

పక్క దేశం టాంజానియాలో, మసాయి స్టెప్పీ అనే గడ్డిమైదానంలో ఇంకా తెలివైన పని చేశారు. ఇనుప కడ్డీలకు బదులు కొమిఫొరా కొమ్మలు పాతారు, మన గుగ్గులు చెట్టు జాతి అది. మన గట్ల మీద గ్లిరిసీడియా కొమ్మ గుచ్చితే చిగురేసినట్టు అవీ వేరూని చెట్లవుతాయి, వాటికి జాలీ కట్టేస్తారు. చెదలు తినే గుంజ కాదు, ఏటేటా లావయ్యే గుంజ. ఏడాదికోసారి కొత్త కంప కోసం తుమ్మలు నరికే పనీ తప్పింది.

దీపాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. నైరోబీ నేషనల్ పార్కు పక్కన పెరిగిన రిచర్డ్ తురేరె అనే మసాయి పిల్లాడు పదకొండేళ్ళప్పుడు మొదలెట్టాడు. మొదట మంట పెట్టి చూశాడు, ఆ వెలుగులో సింహానికి దొడ్డి ఇంకా బాగా కనబడింది. దిష్టిబొమ్మ పెట్టాడు, మొదటిరోజు బెదిరి రెండోరోజు వచ్చేసింది. టార్చి పట్టుకుని తిరుగుతుంటే మాత్రం రావడం లేదని గమనించి, పాత కారు బ్యాటరీకి ఇండికేటర్ పెట్టె తగిలించి, బల్బులు వరసగా మిణుకుమిణుకుమనేట్టు చేశాడు. 2013లో టెడ్ ప్రసంగాల వేదిక మీద మాట్లాడాడు. మీ ప్రాజెక్టుకు అతని దగ్గర నేర్చుకోవాల్సింది సర్క్యూట్ కంటే ఆ రెండు ఓటములు. సింహం మోసపోతుంది, కానీ రోజూ ఒకేలా మోసపోదు. మీ సైరన్ రోజూ ఒకే కూత కూస్తే ఎన్నాళ్ళు బెదురుతుందో మీరే ఆలోచించండి. పైగా ప్రతి దుమ్ములగొండికీ, ప్రతి కుక్కకూ మోగితే నాలుగో రాత్రి ఇంటామె వైరు పీకేస్తుంది. అక్కడ ఇంటింటికీ ఉన్న బక్క కుక్కలు ఎప్పటినుంచో చేస్తున్న పని అదే, చార్జింగ్ కూడా అక్కర్లేదు.

ఇక నేను నమ్మిన మార్గం. 2007లో లయన్ గార్డియన్స్ అని మొదలైంది. సింహాల్ని చంపే వయసులో ఉన్న మొరాన్లనే, చంపి పేరు తెచ్చుకున్నవాళ్ళను కూడా, జీతమిచ్చి సింహాలకు కాపలా పెట్టారు. వాళ్ళలో చాలామంది బడి ముఖం చూడనివాళ్ళు. చదవడం, రాయడం, జీపీఎస్ వాడటం ఉద్యోగంలోనే నేర్చుకున్నారు. అడుగుజాడలు చూడటం మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. పొద్దున్నే తిరిగి సింహాలు ఎటున్నాయో చూసి, "ఈరోజు ఆ వాగువైపు మందలు తోలకండి" అని కాపరులకు ఫోన్ చేస్తారు. దొడ్డి బలహీనంగా ఉంటే చేయివేసి బాగుచేస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, సాయంత్రం తప్పిన ఆవును వెతికి తెస్తారు. తప్పిపోయిన పిల్లల్ని కూడా తెచ్చిన సందర్భాలున్నాయి.

ఒకరోజు నేను టీకాల పెట్టె సర్దుతుంటే ఒక ముసలామె వచ్చి మూడు ఆవులు రాలేదంది. గార్డియన్ కుర్రాడు అప్పుడే పని ముగించి టీ తాగుతున్నాడు. కప్పు కింద పెట్టేసి బయలుదేరాడు. రాత్రి తొమ్మిదిన్నరకు ఆవులతో వచ్చాడు, కాళ్ళు ముళ్ళతో చీరుకుపోయాయి. ఆమె అతని నెత్తిన ఉమ్మింది. కంగారుపడకండి, మసాయిల్లో పెద్దలు దీవించే తీరు అది. ఆ మర్నాడు ఆ ఇంటి పక్కనే సింహం అడుగులు కనబడితే ఆమె కొడుకులు ఈటెలు తియ్యలేదు. అదే కుర్రాడికి కబురు పెట్టారు.

పేర్ల విషయం కూడా ఉంది. ప్రతి సింహానికీ గార్డియన్లు మసాయి పేరు పెడతారు. మూతి మీద మీసాల దగ్గర చుక్కల వరస ఒక్కో సింహానికి ఒక్కోలా ఉంటుంది, దాన్నిబట్టి గుర్తుపడతారు. ఊళ్ళో కబుర్లలో ఫలానాది ఈనిందట, ఫలానాది కాలు కుంటుతోందట అని వినబడేది. సింహాన్ని చంపినవాడికి సింహం పేరు పెట్టిన ఊళ్ళోనే ఇప్పుడు సింహానికి పేరు పెడుతున్నారు. ఎంబిరికాని ప్రాంతంలో రెండు పద్ధతుల్నీ పోల్చి చూసి 2014లో ఒక పరిశోధన వచ్చింది. పరిహారంతో సింహాల చావులు బాగా తగ్గాయి, గార్డియన్లు తోడైన చోట దాదాపు ఆగిపోయాయి, 99 శాతం తగ్గుదల అని లెక్క. పౌరుషానికి వేరే దారి కూడా చూపించారు. 2012 నుంచి మసాయి ఒలింపిక్స్ జరుగుతున్నాయి, ఈటె విసరడం, ఎత్తుకు ఎగరడం, పరుగు పందేలు. 800 మీటర్ల ఒలింపిక్ విజేత డేవిడ్ రుడీషా దానికి అండగా నిలిచాడు, అతనూ మసాయే.

అయితే అంతా బాగుందని చెప్తే అబద్ధమవుతుంది. 2023 మే నెలలో వారం రోజుల్లో ఆ ప్రాంతంలో పది సింహాలు చచ్చిపోయాయి. వాటిలో లూన్‌కీటో అనే 19 ఏళ్ళ ముసలి మగసింహం ఉంది. ఆ వయసు దాకా అడవిలో బతికిన సింహాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆకలికి దొడ్డిలోకి దూకింది, ఈటెలకు పోయింది. తర్వాత ఎంబిరికానిలో ఆరు సింహాలు పదకొండు మేకల్ని, ఒక కుక్కను చంపితే, ఆ ఆరింటినీ చంపేశారు. దానికి ముందు కథ కరువు. వరసగా వానలు తప్పి జీబ్రాలు, అడవిదున్నలు, ఆవులు అన్నీ చచ్చాయి. కరువు నడుస్తున్నంతసేపు సింహానికి తిండికి కొదవ లేదు, నీరసపడ్డ జంతువులు కాళ్ళ దగ్గరే పడిపోతాయి. అసలు గండం వానలు పడ్డాక. మిగిలిన కొద్ది అడవి జంతువులు పచ్చిక కోసం చెల్లాచెదురవుతాయి, సింహానికి దొరికేది దొడ్డిలోని ఆవే. అదే సమయానికి మసాయి ఇంట్లో వందలో మిగిలింది ఇరవై. ఆ ఇరవైలో ఒకటి పోతే వచ్చే కోపం మామూలు కోపం కాదు. 2009 కరువు తర్వాత కూడా ఇలాగే జరిగింది. అందుకే వానలొచ్చాయని అందరూ సంబరపడుతున్నప్పుడు మాకు టెన్షన్ మొదలయ్యేది.

ఈటె కంటే నాకు విషమంటేనే భయం. ఫ్యూరడాన్ గుళికలు మన రైతులకు తెలియనివి కావు, వరినారులో కాండం తొలిచే పురుగుకు చల్లేవి. అక్కడ చచ్చిన ఆవు మీద అవి చల్లి వదిలేసేవాళ్ళు. ఒక సింహంతో ఆగదు. దాంతోపాటు దుమ్ములగొండ్లు, నక్కలు, పదుల కొద్దీ రాబందులు పోతాయి. 2009లో ఒక అమెరికా టీవీ కార్యక్రమంలో ఇది బయటపడ్డాక, తయారుచేసే కంపెనీ కెన్యా దుకాణాల నుంచి సరుకు వెనక్కి కొనేసింది. అయినా విషప్రయోగం ఆగలేదు. 2015 డిసెంబరులో కెన్యాలోనే మసాయి మారా అభయారణ్యంలో పేరున్న మార్ష్ గుంపు సింహాలకు విషం పెట్టారు. ఈటె వేటకు ఇరవై మంది చేరాలి, ఎవరో ఒకరు ఆపగలరు. విషానికి ఒక్కడు చాలు, చీకట్లో.

మారా వైపు ఇంకో పద్ధతి ఉంది, భూమిని వన్యప్రాణుల కోసం కన్సర్వెన్సీలుగా కలిపి, టూరిస్టు కంపెనీలు భూయజమానులకు నెలనెలా కౌలు కట్టడం. అక్కడ సింహాలు బాగా బతుకుతున్నాయి. కాకపోతే భూమి కాగితం ఎవరి పేరు మీద ఉంటే డబ్బు వాళ్ళకే, ఆవులు కాసే కుర్రాడికి అందులో ఏమీ లేదు.

ఇప్పుడు మీ ప్రాజెక్టు. నన్నడిగితే సెన్సార్‌ను సింహం కోసం కాదు, ఆవు కోసం చెయ్యండి. సాయంత్రం ఐదింటికల్లా "తెల్లచుక్క పెయ్య మందలో లేదు, చివరిసారి ఫలానా వాగు దగ్గర ఉంది" అని కాపరి ఫోనుకు కబురొస్తే చాలు. మంద మొత్తానికి జీపీఎస్ పట్టీలు కొనే స్తోమత ఎవరికీ లేదు, కాబట్టి ఊరికే తప్పిపోయే అలవాటున్న నాలుగైదు ఆవులకు పెట్టండి. ప్రతి మందలోనూ అలాంటివి ఉంటాయి, ఏవో అడిగితే ఇంటి పెద్ద వెంటనే చూపిస్తాడు. ఆవు మెడను తుమ్మచెట్టుకేసి రుద్దుతుంది, మీ ప్లాస్టిక్ డబ్బా వారంలో పగులుతుంది. అక్కడి ఎర్రదుమ్ము సన్న సందుల్లో కూడా దూరుతుంది. సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. మెసేజి ఇంగ్లీషులో వద్దు, గార్డియన్ల భాషలో, లేదా గుర్తులతో ఉంటే మేలు.

కెన్యా దాకా పోనక్కర్లేదు, మొదటి పరీక్ష మీ కాలేజీ దగ్గరే చెయ్యండి. మీ మండలంలో గొర్రెలు కాసే కురుమవాళ్ళో గొల్లవాళ్ళో ఉంటారు. సాయంత్రం ఆరింటికి వెళ్ళి మంద ఇంటికొచ్చే వేళకు దొడ్డి పక్కన నిలబడండి. ఏది రాలేదో ఆయన ఎలా కనిపెడుతున్నాడో, కనిపెట్టాక ఎవరిని పంపుతున్నాడో చూడండి. ఒక పది సాయంత్రాలు చూశాక డిజైన్ మార్చి రాయండి, తప్పకుండా చదువుతాను. పట్టీ బరువు అరకిలో దాటితే మాత్రం నాకు చూపించకండి, ఆవు మెడ పుండు కట్టేది నేను.